మన ఇంట్లోకి కుర్చీ వచ్చిన దారి

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఇంట్లో సామాను అమర్చి చూడు అని మాత్రం వారు అనలేదు. కారణం స్పష్టమే. ఆ రోజుల్లో గోడలు లేచి, పైకప్పు పడి, గడపకు పసుపు రాసి, పాలు పొంగిస్తే ఇల్లు పూర్తయినట్టే. ఇవాళ గృహప్రవేశం మర్నాటి నుంచే అసలు ఖర్చు మొదలవుతోంది. పిల్లలు కొనుక్కున్న ఫ్లాటుకు ఇంటీరియర్ పని చేసేవారు వచ్చి, హాల్లో అడుగుపెట్టగానే చూపు నిలిచే పెద్ద వస్తువు ఒకటి ఉండాలనీ, దాని చుట్టూ చిన్న చిన్న అలంకారాలు సర్దాలనీ, అప్పుడే ఇంటికి నిండుదనం వస్తుందనీ చెబుతున్నారు.

ఈ మాటలు విని మన సంఘ సభ్యుల్లో చాలామంది నవ్వుకుంటారని నాకు తెలుసు. కాని చూపు నిలిచే వస్తువు మన తాతల ఇళ్ళలోనూ ఉండేది. మనలో ఎందరో ఇప్పుడు సొంత ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరకు చేరుతున్నారు. ఆ హడావిడిలో తాతల నాటి మంచమో, బల్లో, పెట్టో గుమ్మం ముందుకు వచ్చిన పాతసామాను వ్యాపారికి అతడు చెప్పిన ధరకే వెళ్ళిపోతోంది. ఆ వస్తువులు మన ఇళ్ళలోకి ఏ దారిన వచ్చాయో, ఎవరి చేతులు వాటిని చేశాయో ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు పేర్ల సంగతి చూద్దాం. చాప మనది. బల్ల మనది. పీట, మంచం సంస్కృతం నుంచి వచ్చి ఎప్పుడో మనలో కలిసిపోయాయి. కుర్చీ అరబ్బీ వారి ‘కుర్సీ’. ఫార్సీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. సోఫా కూడా మూలంలో అరబ్బీ మాటే, కాని అది యూరప్ అంతా తిరిగి ఇంగ్లీషువారి వెంట వచ్చింది. అలమారు పోర్చుగీసు. బీరువా ‘బ్యూరో’ అనే ఫ్రెంచి మాటకు మన నోట ఏర్పడిన రూపం. టీపాయి సంగతి మరీ తమాషా. దానికీ టీకీ ఏ సంబంధమూ లేదు. హిందుస్తానీలో ‘తిపాయి’ అంటే మూడు కాళ్ళది. దొరలు దాన్ని ‘టీపాయ్’ అని పలికి, పేరుకు తగ్గట్టు దాని మీద టీ పెట్టుకున్నారు. మనం ఆ మాటను తిరిగి తెచ్చుకుని నాలుగు కాళ్ళ బల్లకు తగిలించాం. మంచాన్ని మినహాయిస్తే, నేలను అంటిపెట్టుకుని ఉండేవాటికి పాత పేర్లు, నేల నుంచి ఎత్తుకు లేపేవాటికీ తలుపు వేసి తాళం పెట్టేవాటికీ బయటి పేర్లు. సగం చరిత్ర ఇందులోనే ఉంది.

పాత లోగిళ్ళలో సామాను తక్కువ. లేమి వల్ల కాదు, కలిగిన ఇళ్ళలోనూ అంతే. కూర్చోవడానికి అరుగు, దీపానికి గూడు, బట్టలకు దండెం, ధాన్యానికి గాదె ఉండేవి. ఇవన్నీ ఇంటితో పాటు అమరినవే. భోజనాలు కాగానే పీటలు గోడకు చేరేవి. నిద్ర లేవగానే చాపలు చుట్టి మూల నిలబెట్టేవారు. ఒకే వసారా పొద్దున కచేరీ, మధ్యాహ్నం భోజనశాల, రాత్రి పడకగది. అలంకారం కూడా అలాగే వచ్చిపోయేది. పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి చెరుగుతుంది. మామిడి తోరణం పండగ వెళ్ళాక వాడిపోతుంది. కొండపల్లి బొమ్మలు సంక్రాంతికో, దసరాకో కొలువు మెట్లెక్కి, పండగ దాటాక పాత చీర ముక్కల్లో చుట్టుకుని పెట్టెలోకి దిగేవి. ఏడాదికి కొద్దిరోజులే కనిపిస్తాయి కాబట్టి పిల్లలు వాటిని కళ్ళు విప్పార్చుకుని చూసేవారు. అవే బొమ్మలు అద్దాల షోకేసులోకి ఎక్కి ఏడాది పొడుగునా కనపడటం మొదలయ్యాక వాటివైపు చూసేవారే లేరని నా అభిప్రాయం.

ఇలాంటి ఇళ్ళలో కదలకుండా ఉండిపోయే వస్తువులు రెండో మూడో. ఒకటి భోషాణం. నలుగురు పట్టినా లేవని పెట్టె. లోపల వెండి, పత్రాలు, పట్టుబట్టలు; పైన ఇంటి పెద్ద పడక. పెట్టెకు కాపలా, మనిషికి మంచం, రెండూ ఒకటే. రెండోది ఇత్తడి గొలుసుల ఉయ్యాల బల్ల. మూడోది పందిరి మంచం. ఇంటికి వచ్చినవారి చూపు నిలిచేది వీటి మీదే. ఊళ్ళో వీటిని చూసే ఆ కుటుంబం స్థాయిని అంచనా కట్టేవారు.

కుర్చీ సంగతికి వస్తే, చాలామందికి తెలియని ఒక విశేషం చెప్పాలి. నేల మీద కూర్చుని తిన్న మన తెలుగు తీరంలోనే ఒకప్పుడు ఇంగ్లండు గొప్ప ఇళ్ళకు వెళ్ళే కుర్చీలూ, బీరువాలూ తయారయ్యాయి. ఆ ఊరు విశాఖపట్నం.

17వ శతాబ్దంలో డచ్చివారు భీమునిపట్నంలోనూ, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వారు వచ్చింది బట్టల కోసం. ఈ తీరం అద్దకపు బట్టలకు పేరు. వచ్చినవారికి కూర్చోవడానికి కుర్చీ, రాసుకోవడానికి బల్ల, కాగితాలు దాచడానికి సొరుగులు కావలసి వచ్చాయి. అవన్నీ ఓడలో తెప్పించుకునే బదులు ఒక నమూనా చూపించి ఇక్కడి పనివారి చేత చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆ పనివారు మన కంసాలి వృత్తివారు. టేకు, ఇరుగుడు అంటే రోజ్‌వుడ్, ఎబొనీ అనే నల్లకర్ర వారికి అందుబాటులో ఉండేవి. ఏనుగు దంతం సముద్రానికి అవతల బర్మాలోని పెగూ నుంచి కూడా వచ్చేది.

పని జరిగే తీరు ఇది. నల్లని కర్ర మీద లతలూ పువ్వులూ గీసి, ఆ గీత వెంట గాడి తీస్తారు. దంతాన్ని పలుచగా కోసి, ఆ గాడిలో సందు లేకుండా ఒదిగేట్టు అమరుస్తారు. తర్వాత దంతం మీద సన్నని ఉలితో ఆకు ఈనెలూ, పూరేకుల మడతలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి, పైన నునుపు చేస్తారు. దూరం నుంచి తెల్లపువ్వు, దగ్గరకు వెళితే దానిలో వెంట్రుక వాసి గీతలు. ఆ అంచుల్లోని లతలు అదే తీరంలో తయారయ్యే అద్దకపు బట్టల లతలకు తోబుట్టువులు. బీరువా ఆకారం లండనుది, అంచు మాత్రం మనది. 1750లలో ఇటు వచ్చిన జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి తన దినచర్యలో ఈ ఊరి పొదుగుడు పనిని మెచ్చుకున్నాడు.

ఆ శతాబ్దం రెండో సగానికి మోజు మారింది. కర్ర కనపడకుండా పైనంతా దంతపు రేకులు కప్పి, వాటి మీద ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చు బొమ్మలు చూసి భవనాలూ, చెట్లూ చెక్కడం మొదలైంది. తాము ఎన్నడూ చూడని ఊళ్ళ మేడలను మన పనివారు దంతం మీద గీశారు. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఈ తీరంలో తయారైన దంతపు కుర్చీలను ఇంగ్లండు తీసుకుపోయాడు. 1781లో ఆయన సామాను వేలానికి వచ్చినప్పుడు మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు. అవి ఇప్పటికీ ఆ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పనితనం ఉంది.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ వస్తువు ఎవరు కొన్నారు, ఏ వేలంలో ఎవరి చేతికి వెళ్ళింది అన్నదానికి కాగితాలున్నాయి. 18వ శతాబ్దపు ఆ బీరువాల మీద చేసినవాడి పేరు మాత్రం కనపడదు. జీవితమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి కనుక నాకు ఇది మరీ కొరతగా తోస్తుంది. అంతకన్నా విచిత్రం, ఆ కుర్చీ చేసినవాడు బహుశా నేల మీద కూర్చునే దాన్ని చేసి ఉంటాడు, అయ్యాక అందులో కూర్చునే అవకాశమూ ఉండి ఉండదు.

19వ శతాబ్దంలో పెద్ద బీరువాలు తగ్గి, దొరసానుల కుట్టుపెట్టెలు, చదరంగపు పెట్టెలు, నగల పెట్టెలు ఎక్కువయ్యాయి. లోపల గంధపు చెక్క, పైన దంతం, కొమ్ము, తాబేటి చిప్ప, ఏదుపంది ముళ్ళు. ఇప్పుడు దంతపు పని లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన దేశపు ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించారు. ఒక కళ పోయిందని విచారించేవారున్నారు. ఏనుగు మిగలడం అంతకన్నా ముఖ్యమని నేననుకుంటాను.

కుర్చీ బయటివారి కోసం తయారైనంత కాలం మన ఇళ్ళకు దానితో పనిలేకపోయింది. అది మనలోకి వచ్చింది కచేరీ ద్వారా. కంపెనీ పాలనలో దొర కుర్చీలో కూర్చుంటాడు, అర్జీదారు నిలబడతాడు. ఎవరికి కుర్చీ వేయాలి అన్నది పెద్ద మర్యాద ప్రశ్న అయింది. ఉత్తర భారతంలో అయితే అధికారి సమక్షంలో కుర్చీలో కూర్చునే అర్హత ఉందని కొందరు ప్రముఖులకు ‘కుర్సీ నశీన్’ అనే ధ్రువపత్రాలే ఇచ్చేవారు. ఆ పత్రాన్ని కుటుంబాలు భద్రంగా దాచుకునేవి. కూర్చోవడానికి సర్టిఫికెట్టు! మనకు అటువంటి పత్రం లేకపోయినా, ‘కుర్చీ వేశారు’ అనే మాటలో ఆ బరువు ఇప్పటికీ ఉంది. పదవికి మారుపేరుగా కుర్చీ అనడమూ అలా వచ్చిందే.

1970లలో నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా ఆఫీసు సామాను చూసి హోదా చెప్పగలిగేవాళ్ళం. ఆఫీసరుకు పేము అల్లిన, చేతులున్న పెద్ద కుర్చీ, వీపున తువ్వాలు. సూపర్నెంటుకు చేతుల కుర్చీ, తువ్వాలు లేదు. గుమాస్తాకు చేతుల్లేని కుర్చీ. బంట్రోతుకు స్టూలు. ప్రమోషను వచ్చిన గుమాస్తా జీతం పెరగడానికి ముందే చేతుల కుర్చీ కోసం స్టోరు గది చుట్టూ తిరిగేవాడు. నేను పనిచేసిన ఒకచోట బ్రిటిషు కాలపు టేకు బల్లలు, సొరుగులకు ఇత్తడి పిడులతో సహా, గోడౌనులో పడి ఉండేవి. స్టీలు బల్లలు రాగానే వాటిని డెడ్‌స్టాకు రిజిస్టరులో కండెమ్ చేసి, ‘పాత కర్ర సామాను, ఒక లాటు’ అని వేలం వేశారు. ఏ కర్ర, ఏ సంవత్సరం అన్న గడి ఆ రిజిస్టరులో లేనే లేదు. పాడుకున్నవాడు బండి మీద వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళాడు. మేం రసీదు రాసుకున్నాం.

ఆ కర్ర ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో భద్రాచలం, పాపికొండల వైపు అడవుల టేకు దుంగలను తెప్పలు కట్టి నదిలో రాజమండ్రికి వదిలేవారు. అంతకన్నా మోజైనది రంగూన్ టేకు. 19వ శతాబ్దం చివర నుంచి ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల కూలీలూ వర్తకులూ వేలమంది బర్మా వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. మనుషులు అటు, టేకు ఇటు. 1941-42లో జపానువారు బర్మా మీదికి వచ్చినప్పుడు ఎందరో తెలుగువారు అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలోనే పోయినవారూ ఉన్నారు. మీ ఇంట్లో ‘రంగూన్ టేకు’ అని పెద్దలు గర్వంగా చెప్పుకునే మంచం ఉంటే, దాని వెనుక ఈ రాకపోకలన్నీ ఉన్నాయి.

కాఫీ హోటళ్ళలోనూ, క్లబ్బుల్లోనూ, కోర్టుల్లోనూ కనపడిన గుండ్రని వీపు కుర్చీ ఇంకో దారిన వచ్చింది. ఆవిరిలో మెత్తబరచిన కర్రను వంచి కుర్చీ చేసే పద్ధతిని మైకేల్ థోనెట్ అనే ఆయన వియన్నాలో సాధించాడు. 1859లో ఆయన తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఆరు ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. కాబట్టే అది ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. గోడలకూ అదే కాలంలో చవక అలంకారం వచ్చింది. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చు యంత్రం లక్ష్మినీ, సరస్వతినీ సామాన్యుల ఇంటి గోడ మీదికి తెచ్చింది.

హైదరాబాదు దారి వేరు. అక్కడ ఫలక్‌నుమా భవనంలో 101 మంది ఒకేసారి భోంచేసే బల్ల ఉంది. ఆ భవనాన్ని 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టాడు. 2010 నుంచి అది హోటలు కాబట్టి డబ్బున్నవారు వెళ్ళి చూడవచ్చు. మనలాంటివారికి సాలార్‌జంగ్ మ్యూజియం చాలు. అక్కడి దంతపు గదిలో ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పుసుల్తానుకు పంపినవని చెప్పే కుర్చీలున్నాయి. మనుమలను మేల్మిముసుగు రెబెక్కా బొమ్మ దగ్గరికీ, గంట కొట్టే గడియారం దగ్గరికీ తీసుకువెళ్ళినప్పుడు ఆ కుర్చీల దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి.

మనలాంటి ఉద్యోగుల ఇళ్ళలోకి సామాను వచ్చింది అరియర్సు లెక్కన. గోద్రెజ్ కంపెనీ స్టోర్‌వెల్ అనే ఉక్కు బీరువాను 1923లోనే తెచ్చినా, మన ఇళ్ళకు చేరడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఒక పే కమిషను బకాయి బీరువా అయింది, ఇంకొకటి సోఫా సెట్టు అయింది, కరువు భత్యం బకాయి షోకేసుగా మారింది. ఆడపిల్ల పెళ్ళికి సారెలో బీరువా, డబుల్‌కాటు తప్పనిసరి అయ్యాయి. ఆ బరువు ఏ తండ్రి నడుము వంచిందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. కుర్చీలు వచ్చాక కూడా మన తల్లులు మామగారి ఎదుట ద్వారబంధం పట్టుకునే నిలబడ్డారు. ఖాళీ కుర్చీ ఎదురుగా ఉన్నా కూర్చోలేదు. డైనింగు టేబులును ఎందరో తిట్టగా విన్నాను, కాళ్ళు వేలాడేసి తినడమేమిటని. కాని దాని పుణ్యమా అని ఆడవాళ్ళు కూడా అందరితో కూర్చుని వేడిగా తినడం మొదలైంది. ఆ ఒక్కందుకు దాన్ని నేను సమర్థిస్తాను.

షోకేసులో పెట్టే వస్తువులకు ఇప్పుడు యంత్రంతో చేసిన బొమ్మలు కొంటున్నారు. అంతకన్నా అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్క రంగులు అద్దిన భరిణెలు, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసి చింతగింజల పొడి ముద్దతో అతికిన దశావతారాలు, నిర్మల్ పళ్ళేలు, పటాలు ఎన్నో రెట్లు మేలు. చేసినవాడిని కలిసి కొనగలిగితే ఇంకా మేలు. పేరు అడిగి రాసుకోవచ్చు.

ఇక ఇల్లు ఖాళీ చేసేవారికి కొన్ని మనవులు. పాత టేకు సామానుకు పెయింటు వేయించకండి. ఒకడే వచ్చి చెప్పిన ధరకు అమ్మకండి, ముగ్గురిని పిలవండి. నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయి అడిగాడని ఓడలో వేయించే ముందు విచారించుకోండి. దంతం పొదిగిన పెట్టె ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని అమ్మడం నేరం. వారసత్వంగా వచ్చినదైనా దానికి అటవీశాఖ వారి స్వామిత్వ పత్రం ఉండాలి.

అన్నిటికన్నా సులువైన పని, ఖర్చులేనిది, ఇంకొకటుంది. ఏ వస్తువు ఉంచుకున్నా, ఎవరికి ఇచ్చినా, ఒక కాగితం మీద మీకు తెలిసినంత రాయండి: కర్ర ఏది, ఏ ఊళ్ళో చేయించారు, ఏ సంవత్సరం, ఎంత ఖర్చయింది, ఏ శుభకార్యానికి, అన్నిటికన్నా ముఖ్యంగా వడ్రంగి పేరు. మీ అక్షరాలతోనే రాసి, సొరుగు అడుగున మైదా జిగురుతో కాక మంచి గమ్‌తో అంటించండి. మైదా వాసనకు పురుగు పడుతుంది.